అరిష్టం సీసాలో ఏముంది?



తెనాలి, బాపట్ల, రేపల్లె వైపుల నుండి మన ఓపీకి వచ్చేవారిలో కడుపు బాధలు చెప్పేవారు చాలామంది. గ్యాసు, అజీర్తి, మలబద్ధకం, మొలలు, జిగట విరేచనాలు. బి.పి. చూస్తూ "ఇంతకుముందు ఏమైనా మందులు వాడారా అండీ?" అని మా సిస్టర్లు అడిగితే "ఏమీ లేదమ్మా" అంటారు. నాలుగు మాటలు నడిచాక అసలు సంగతి బయటకు వస్తుంది: "ఏదో అరిష్టం తాగుతున్నాను, అది మందు కాదు గదా!" కొందరైతే డాక్టరుగారు కోప్పడతారని చివరిదాకా దాస్తారు. స్త్రీల సమాజం కూటములలో నన్ను అడిగే ప్రశ్న ఇంకొకటి. "సిస్టర్‌గారూ, అరిష్టంలో సారా ఉంటుందంట గదా, మనవాళ్లు తాగవచ్చునా?"

ఇద్దరికీ కలిపి ఈ సంచికలో జవాబు రాస్తున్నాను. అరిష్టం మందే. అందులో ఆల్కహాలు ఉన్న మాటా నిజమే. దాచిపెట్టి వాడితే ఈ రెండు సంగతులూ ప్రమాదమే.

కుండలో జరిగే పని

పులియబెట్టటం మన ఇళ్లకు కొత్త కాదు. రాత్రి రుబ్బిన పిండి తెల్లవారేసరికి పొంగుతుంది. మన అమ్మమ్మల ఇళ్లలో తరవాణి కుండ ఉండేది. రేపల్లె, నిజాంపట్నం వైపు తాటిచెట్టు నుండి పొద్దున్నే దించిన కల్లు తియ్యగా ఉంటుంది, అదే పొద్దువాలేసరికి పులిసి నిషా ఎక్కిస్తుంది. ఇవన్నీ కంటికి కనపడని సూక్ష్మజీవులు చేసే పనులే. కల్లును పులిపించే ఈస్టు అనే జీవి తీపిని తిని ఆల్కహాలును, మనం బడిలో చదువుకున్న బొగ్గుపులుసు వాయువును విడిచిపెడుతుంది. అరిష్టం కుండలో జరిగేదీ ఇదే.

మూలికలను నీళ్లలో బాగా కాచి కషాయం దించుతారు. చల్లారాక బెల్లం కరిగించి, శొంఠి, పిప్పళ్లు, ఏలకులు వంటి పొడులు మందును బట్టి వేస్తారు. ధాతకీ పువ్వులు కలుపుతారు. ఇవి ఎర్రని చిన్న పువ్వులు, వీటిని అంటిపెట్టుకుని ఈస్టు ఉంటుంది. పాలకు తోడు ఎలాగో కషాయానికి ఈ పువ్వులు అలాగు. కుండ మూతికి గుడ్డ కట్టి, మట్టి మెత్తి, సుమారు నెల రోజులు కదపకుండా ఉంచుతారు. ఇలా కాచిన కషాయంతో చేస్తే అరిష్టం. కాచకుండా పచ్చి రసంతోగాని నీళ్లతోగాని చేస్తే ఆసవం. ఈ తేడాను చెప్పింది శార్ఙ్గధర సంహిత. పాళ్లు ప్రత్యేకంగా చెప్పని చోట ద్రోణం ద్రవానికి తుల బెల్లం వేయాలని కూడా ఆ గ్రంథమే చెప్పింది. ఇప్పటి లెక్కలో సుమారు 12 లీటర్లకు 4.8 కిలోలు. అంత బెల్లం రుచి కోసం కాదు, ఈస్టుకు మేత. షుగరు ఉన్నవారు ఈ లెక్కను ఒకసారి మళ్లీ చదువుకోవాలి, ఎందుకంటే ఆ తీపి అంతా ఆల్కహాలుగా మారిపోదు, కొంత సీసాలోనే మిగులుతుంది.

పులవటం పూర్తయిందో లేదో పాతకాలపు వైద్యులు ఎలా తెలుసుకునేవారో వింటే ముచ్చట వేస్తుంది. కుండకు చెవి ఆనించి బుసబుసమనే చప్పుడు వినేవారు. వెలిగించిన అగ్గిపుల్ల కుండ మూతి దగ్గర పెట్టేవారు. లోపల బొగ్గుపులుసు వాయువు ఇంకా పుడుతూ ఉంటే పుల్ల ఆరిపోతుంది. ఆరకుండా వెలుగుతూ ఉంటే పులవటం అయిపోయినట్టు. నర్సింగు చదువులో మేము ఆక్సిజన్ సిలిండరు దగ్గర నిప్పు సంగతి ఎంత జాగ్రత్తగా నేర్చుకున్నామో, వారు తమ కుండ దగ్గర అంత శ్రద్ధగానూ నేర్చుకున్నారు.

ఆల్కహాలు పుట్టటం వలన రెండు లాభాలు. నీళ్లలో దిగని మూలికల సారం కొంత ఆల్కహాలులో దిగుతుంది. రెండవది, మందు చెడిపోదు. మామూలు కషాయం మరునాటికే వాసన వస్తుంది, అరిష్టం మాత్రం ఏళ్ల తరబడి నిలుస్తుంది. పాతబడేకొద్దీ గుణం పెరుగుతుందని కూడా ఆయుర్వేదంలో చెబుతారు.

మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఆయుర్వేదాశ్రమం నడిపిన పండిత దీవి గోపాలాచార్యులు వంటివారి కాలం నుండి ఈ మందులు సీసాలలో దూర ప్రాంతాలకు చేరాయి. 1944లో మద్రాసులో వైద్యులే సహకార సంఘంగా ఏర్పడి ఇంప్‌కాప్స్ స్థాపించారు. ఇప్పుడు తయారీ పెద్ద పీపాలలో జరుగుతుంది. కుండ మారినా లోపల పని మారలేదు.

సీసాలో ఎంత ఆల్కహాలు?

మీ ఇంట్లో అరిష్టం ఉంటే ఈ పేజీ పక్కన పెట్టి సీసా తెచ్చుకోండి. లేబులు మీద చిన్న అక్షరాలతో, తనంతట తానే పుట్టిన ఆల్కహాలు ఇన్ని శాతం అని ముద్రించి ఉంటుంది. సాధారణంగా 5 నుండి 10 శాతం, కొన్నిటి మీద 12 శాతానికి మించదని ఉంటుంది. బయటి నుండి సారాయి కలిపారని దీని అర్థం కాదు, పులవటంలో పుట్టినదే.

ఇప్పుడు లెక్క వేద్దాం. పెద్దవారికి మామూలుగా చెప్పే మోతాదు భోజనం తరువాత 12 నుండి 24 మి.లీ., అంతే నీళ్లు కలుపుకుని, రోజుకు రెండుసార్లు. పది శాతం మందును 24 మి.లీ. చొప్పున రెండు పూటలా తాగితే రోజుకు 4.8 మి.లీ. ఆల్కహాలు. 30 మి.లీ. బ్రాందీ పెగ్గులో సుమారు 12.8 మి.లీ. ఉంటుంది. అంటే మోతాదు ప్రకారం తాగితే రోజుకు పెగ్గులో మూడవ వంతుకు కొంచెం పైన. ఆరోగ్యంగా ఉన్న పెద్ద మనిషికి కొద్ది రోజుల పాటు ఇది పెద్ద విషయం కాదు. కాని 450 మి.లీ. సీసా మొత్తం చూస్తే 45 మి.లీ. ఆల్కహాలు, అంటే మూడున్నర పెగ్గులు. "గ్యాసు బాగా ఉంది" అని రాత్రి పూట సగం సీసా ఖాళీ చేసేవారు మన ఊళ్లలో లేకపోలేదు. వారు తాగుతున్నది మందు అని నేను అనను.

విశ్వాసి తాగవచ్చునా అనే ప్రశ్నకు పాస్టరుగారు చెప్పవలసింది నేను చెప్పను. తిమోతి కడుపు జబ్బు ప్రస్తావన బైబిలులోనే ఉందని కొందరు గుర్తు చేస్తారు. నర్సుగా నేను అడిగేవి మూడే: ఎవరు తాగుతున్నారు, ఎంత తాగుతున్నారు, దానితో పాటు ఏ మాత్రలు వేసుకుంటున్నారు.

ఏ బాధకు ఏ మందు

షాపులో "గ్యాసుకు ఒక అరిష్టం ఇవ్వండి" అని అడగటం పొరపాటు. అరిష్టం అనేది మందు పేరు కాదు, తయారుచేసే పద్ధతి పేరు. మలబద్ధకానికి ఇచ్చేది, విరేచనాలు కట్టటానికి ఇచ్చేది రెండూ అరిష్టాలే.

అభయారిష్టంలో ముఖ్యమైనది కరక్కాయ. ఎండు ద్రాక్ష, వాయువిడంగాలు, ఇప్పపువ్వు దానికి తోడు. మలబద్ధకానికి, మొలలకు వాడతారు. ఇందులో తెగడ వేరు, దంతి వేరు కూడా ఉంటాయి, ఇవి విరేచనకారులు. అందుచేత గర్భిణీ స్త్రీలు దీని జోలికి పోరాదు.

కుటజారిష్టం దీనికి పూర్తిగా ఎదురు. కొడిశపాల చెట్టు బెరడుతో చేస్తారు. జిగట విరేచనాలకు, అమీబా వలన వచ్చే రక్త విరేచనాలకు వైద్యులు దీనిని వాడుతూ వచ్చారు. ఈ బెరడు సంగతి ఆయుర్వేదంతో ఆగలేదు. కిందటి శతాబ్దం మొదటి సగంలో ఇంగ్లీషు వైద్యులు కూడా కుర్చీ అనే పేరుతో దీనిని అమీబా రోగులకు ఇచ్చారు. కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూలులో ఆర్.ఎన్. చోప్రా దీనిలోని కొనెస్సిన్ అనే పదార్థాన్ని పరిశీలించారు. మెట్రోనిడజోల్ వంటి మాత్రలు వచ్చాక దాని అవసరం తగ్గిపోయింది. పల్లెటూరి మందు అని మనం చులకన చేసే బెరడుకు ఈపాటి చరిత్ర ఉంది.

ముస్తకారిష్టం తుంగముస్తలతో చేస్తారు. మన డెల్టా పొలాల గట్ల మీద రైతులు విసుక్కుంటూ పీకి పారేసే తుంగ గడ్డి దుంపలే ఇవి. అజీర్తికి, విరేచనాలకు ఇస్తారు. ఆకలి మందగిస్తే పిప్పల్యాసవం, ద్రాక్షారిష్టం. బాలింతలకు దశమూలారిష్టం, జీలకర్రతో చేసే జీరకాద్యరిష్టం. కలబందతో చేసే కుమార్యాసవం కడుపుకు, నెలసరి బాధలకు వాడతారు, గర్భిణులకు పనికిరాదు.

నాకు ఇష్టమైనది తక్రారిష్టం. చరకుడు గ్రహణి జబ్బుకు చెప్పినది. చల్లలో వాము, కరక్కాయ, ఉసిరిక, మిరియాలు, ఉప్పులు వేసి పులియబెడతారు. బెల్లం వేయరు. పథ్యం మజ్జిగకు, మందుకు మధ్య గోడ ఎంత పలుచనో ఇది చూస్తే తెలుస్తుంది. ఉప్పు ఎక్కువ గనుక బి.పి., కిడ్నీ జబ్బు ఉన్నవారు జాగ్రత్తపడాలి.

లోహాసవం కడుపు మందు కాదు, రక్తహీనతకు వాడే ఇనుము మందు. అయినా ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, ఇనుము వలన మలం నల్లగా వస్తుంది. కడుపులో పుండు పడి రక్తం కారినా మలం నల్లగా, తారులాగా, దుర్వాసనతో వస్తుంది. లోహాసవం తాగుతున్న సంగతి మాకు తెలియకపోతే అనవసరంగా కంగారుపడతాం. దానికంటే చెడ్డది, నిజంగా రక్తం పోతుంటే "మందు వలనే లెమ్మని" మీరు ఇంట్లో కూర్చోవటం.

మంచి ఉద్దేశంతో ఇచ్చిన మందు

కొల్లూరు వైపు నుండి ఒక కుటుంబం వచ్చింది. భర్త ఇరవై ఏళ్లు తాగి, తాగుడు మానిపించే చోట చికిత్స చేయించుకుని, మూడు నెలలుగా ఒక్క చుక్క ముట్టలేదు. డైసల్ఫిరామ్ మాత్ర రోజూ భార్య చేతితోనే ఇస్తున్నది. ఆకలి లేదు, కడుపు ఉబ్బరం అంటే, ఆమె తెలిసినవారు చెప్పిన అరిష్టం తెచ్చి టీ గ్లాసుకు సగం పోసి ఇచ్చింది. కొద్దిసేపటికి అతని ముఖం ఎర్రబడింది, గుండె దడదడ కొట్టుకుంది, వాంతులు, తల పగిలిపోయే నొప్పి. ఆటోలో కాజువాలిటీకి తెచ్చారు. "మళ్లీ తాగాడమ్మా, నా కళ్లు కప్పి తాగాడు" అని ఆమె ఒకటే ఏడుపు. అతను మాట్లాడే స్థితిలో లేడు. తల మాత్రం అడ్డంగా ఊపుతున్నాడు.

డ్యూటీలో ఉన్న సిస్టరు ఒక్కొక్కటి అడుగుతూ పోతే అరిష్టం సంగతి తేలింది. ఆల్కహాలు మన ఒంట్లో విరిగేటప్పుడు మధ్యలో అసిటాల్డిహైడ్ అనే విష పదార్థం పుడుతుంది. మామూలుగా కాలేయం దానిని వెంటనే తొలగిస్తుంది. డైసల్ఫిరామ్ ఆ పనిని ఆపుతుంది, తాగితే బాధపడాలనే ఆ మాత్ర ఇస్తారు. సగం టీ గ్లాసు అరిష్టంలో ఉన్న నాలుగైదు మి.లీ. ఆల్కహాలు దానికి చాలు. రాత్రంతా సెలైను పెట్టి, బి.పి. చూస్తూ ఉంచారు. తెల్లవారేసరికి తేరుకున్నాడు. నా మనసులో నిలిచిపోయింది అతని ఒంటి బాధ కంటే, మూడు నెలలు నిజాయితీగా నిలబడిన మనిషి తన భార్య ముందు అబద్ధికుడిగా పడి ఉండటం. ఆమెకు సంగతి విడమరచి చెప్పాక అతని మంచం దగ్గరకు వెళ్లి ఏమీ మాట్లాడకుండా కాళ్లు నొక్కుతూ కూర్చుంది.

తాగుడు మానినవారికి ఆ మాత్ర లేకపోయినా అరిష్టాలు వద్దు. నాలుకకు ఆ రుచి తగిలితే పాత దారి మళ్లీ గుర్తుకు వస్తుంది. వారికి చూర్ణాలు, మాత్రలు, కషాయాలు ఆయుర్వేదంలోనే ఉన్నాయి, ఆయుర్వేద డాక్టరును అడిగితే మార్చి రాస్తారు.

ఇంకా ఎవరు మానుకోవాలి? కామెర్లు, కాలేయ జబ్బు ఉన్నవారు. టి.బి. మాత్రలు వాడుతున్నవారు, ఆ మాత్రలే కాలేయం మీద భారం, దానిపై ఆల్కహాలు కూడదు. మూర్ఛ మందులు వాడేవారు. కడుపులో పుండు ఉన్నవారు. గర్భిణులు. షుగరు ఉన్నవారు డాక్టరును అడగకుండా ముట్టరాదు. విరేచనాలకు మెట్రోనిడజోల్, టినిడజోల్ మాత్రలు వాడుతున్నప్పుడు ఆల్కహాలు వద్దని ఆ మందు కాగితం మీదనే రాసి ఉంటుంది. కుటజారిష్టం, ఆ మాత్ర రెండూ కలిపి వేసుకునేవారిని నేను తరచుగా చూస్తాను, "రెండూ విరేచనాలకే గదా" అంటారు. బాలింతలు దశమూలారిష్టం అడుగుతారు. పాలలోకి కొంత ఆల్కహాలు చేరుతుంది గనుక అత్తగారి మాట మీద కాక డాక్టరు చెప్పిన కొలత మీద, కొద్ది రోజులే తీసుకోవాలి. అత్తగార్లు ఏమీ అనుకోవద్దు.

పిల్లల సంగతి

పసివారి కోసమే అరవిందాసవం అని ఒకటి ఉంది. అదీ పులిసిన మందే. ఇది మన దేశపు అలవాటు మాత్రమే అనుకోకండి. 1851లో ఇంగ్లండులో విలియం వుడ్‌వర్డ్ తయారుచేసిన గ్రైప్ వాటరులో మొదట 3.6 శాతం ఆల్కహాలు ఉండేది. అక్కడి తల్లులు నూరేళ్లకు పైగా పిల్లలకు అదే పట్టారు. తరువాత తీసివేశారు. పసిపిల్లల కాలేయం ఆల్కహాలును పెద్దవారిలాగా తట్టుకోలేదు. ఆయుర్వేద డాక్టరు స్వయంగా బిడ్డను చూసి, చుక్కల లెక్క రాసి ఇస్తే తప్ప పొరుగింటి సలహాతో పట్టవద్దు.

బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే అరిష్టం కోసం బజారుకు పరుగెత్తేలోగా ఓ.ఆర్.ఎస్. కలపండి. పెద్ద పొట్లం మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో, సగం సగం కాదు. విరేచనం అయినప్పుడల్లా చెంచాతో పట్టండి. తల్లిపాలు ఆపవద్దు. ఆరు నెలలు దాటిన బిడ్డకు జింకు మాత్ర 20 మి.గ్రా. చొప్పున 14 రోజులు, విరేచనాలు తగ్గినా మానకుండా. కళ్లు గుంటలు పడినా, మూత్రం తగ్గినా, బిడ్డ మత్తుగా ఉన్నా, మలంలో రక్తం కనపడినా వెంటనే తీసుకురండి.

కొనేటప్పుడు

2023 నవంబరు చివరలో గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో ఆయుర్వేద ఆసవారిష్టం అని పల్లె దుకాణంలో అమ్మిన సీసాలు తాగి కనీసం ఐదుగురు చనిపోయారు. రక్త పరీక్షలో మిథైల్ ఆల్కహాలు బయటపడింది. అది మద్యనిషేధం ఉన్న రాష్ట్రం, మందు పేరుతో మత్తు అమ్మే వ్యాపారం అక్కడ పెరిగింది. పద్ధతి ప్రకారం పులిసిన అరిష్టంలో ప్రాణం తీసేంత మిథైల్ ఆల్కహాలు పుట్టదు, అది కల్తీ చేసినవారి పాపం. 2020 జులై చివరలో మన పక్కనే ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరకక శానిటైజరు తాగి పదిమందికి పైగా పోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఏ సీసా తాగిన తరువాత అయినా చూపు మసకబారి, కడుపునొప్పి, వాంతులు, ఆయాసం వస్తే గంటలు లెక్కపెట్టుకుంటూ కూర్చోక ఆసుపత్రికి తీసుకురావాలి.

లైసెన్సు నంబరు, తయారీ తేదీ, ఆల్కహాలు శాతం లేని సీసా కొనవద్దు. బస్టాండులో, సంతలో గంపలో పెట్టి అమ్మేవి అసలే వద్దు. అరిష్టమే వాడదలిస్తే ఆయుర్వేదం చదువుకున్న డాక్టరుకు చూపించుకుని వాడండి. మన ప్రాంతంవారికి విజయవాడలో డాక్టర్ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. మోతాదుకు సీసా మూత, టీ గ్లాసు, గరిటె పనికిరావు. మి.లీ. గీతలున్న కొలత కప్పు షాపులో అడిగి తీసుకోండి.

ఒక మాట మొలల గురించి. మలంలో రక్తం పడితే మొలలే అనుకుని అభయారిష్టం సీసాల మీద సీసాలు తాగేవారున్నారు, ముఖ్యంగా ఆడవారు. డాక్టరుకు చూపించటానికి సిగ్గు. పెద్దపేగు చివర కాన్సరు కూడా మొదట ఇలాగే రక్తంతో మొదలవుతుంది. నలభై అయిదు దాటాక మలవిసర్జన అలవాటు మారినా, రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, మింగుడు పడకపోయినా, రెండు వారాలకు మించి ఇంటి వైద్యం చేయకండి. పరీక్ష చేసేటప్పుడు మా సిస్టరు మీ పక్కనే చెయ్యి పట్టుకుని ఉంటుంది. దుప్పటి కప్పే చేస్తారు. అయిదు నిమిషాల పని.

ఓపీకి వచ్చేటప్పుడు ఇంట్లో వాడుతున్న మందులన్నీ, అరిష్టం సీసాతో సహా, సంచిలో వేసుకుని రండి. పేరు గుర్తులేదని మానవద్దు, ఖాళీ సీసా అయినా చాలు. మా సిస్టర్లు లేబులు చూసి మీ చీటీలో రాస్తారు. ఎవరూ కోప్పడరు. ఎవరైనా కోప్పడితే నా గదికి వచ్చి చెప్పండి.